యాదగిరన్న లైటు చావీ

మా ఇంటి కింద రేడియోలు బాగుచేసే కొట్టు ఒకటి ఉంది. పొద్దున కొట్టతను టంకం పెట్టడం మొదలుపెడితే ఆ వాసన మెట్లెక్కి మా వసారాలోకి వస్తుంది. కాలిన రోజనం బంక వాసన. కొంచెం తీపి, కొంచెం ఘాటు. పేపరు చదువుతున్నవాణ్ణి ఆగిపోతాను. మా ఆవిడ నాకు తలనొప్పి వచ్చిందనుకుని కిటికీ మూస్తుంది. తలనొప్పి కాదు. బేగంబజార్‌లో ఒక మిర్చి గోదాము ముంగిట, మెట్టు మీద కూచుని, ఒళ్లో రుమాలు పరుచుకుని, కారు తాళంచెవిని బాగుచేస్తున్న మనిషి కనిపిస్తాడు. అతని పేరు యాదగిరి. అతని గురించి నేను చెప్పవలసిన మాట ఒకటి ఉండగా, ఏళ్ల తరబడి చెప్పకుండా ఊరుకున్నాను.

ఆ మాట ఇది. యజమాని ఊళ్లో లేనప్పుడు యాదగిరి ఆయన కారును బయటికి తీయలేదు. పెళ్లిళ్లకు తిప్పలేదు. అడిగినప్పుడు అబద్ధం చెప్పలేదు. అతను అబద్ధం చెప్పాడని అందరూ నమ్మడానికి కారణం నేను. దీన్ని మొదటే రాస్తున్నాను. చివరిదాకా చదివే ఓపిక లేనివారికి కూడా ఈ సంగతి తెలియాలి.

నేను గుంటూరు జిల్లా నుంచి హైదరాబాదు వచ్చింది డెబ్బైల మొదట్లో. డిగ్రీ తప్పాను గానీ హిందీ పరీక్షలన్నీ మొదటి తరగతిలో పాసయ్యాను. ఆ ఒక్క బలం చూసే వెంకటరత్నం గారు నన్ను వెంటబెట్టుకొచ్చారు. ఆయన మా వైపు మిర్చి కొని బేగంబజార్‌లో టోకున అమ్మేవారు. తెలుగు తప్ప మరో భాషలో ఒక్క ముక్క రాదు. మార్వాడీ వ్యాపారులతో, లారీవాళ్లతో, ఉర్దూ మాట్లాడే హమాలీలతో ఆయన తరఫున మాట్లాడటం నా ఉద్యోగం. గోదాము పైన మా గదులు, కింద ముంగిట్లో కారు. పాతబస్తీలో ఒక పెద్ద దేవిడీవాళ్లు, అంటే నవాబుల కాలం నాటి భవంతివాళ్లు, సామాన్లు అమ్మేసుకుంటున్నప్పుడు ఆయన ముచ్చటపడి కొన్న పాత ఇంగ్లీషు కారు అది. దాన్ని నడిపేది యాదగిరి.

యాదగిరిది కిషన్‌బాగ్‌లో చాలాకాలంగా పాడి మీద బతుకుతున్న కుటుంబం. తెల్లవారకముందే బర్రెలను పితికి, పాలు పోసి, స్నానం చేసి డ్యూటీకి వచ్చేవాడు. ఎంత స్నానం చేసినా చొక్కాకు దాణా వాసన ఉండేది. వెంకటరత్నం గారిని "సేటూ" అని పిలిచేవాడు. ఆ పిలుపు ఆయనకు నచ్చేది కాదు. తనను గారు అనమని ఒకసారి నాచేత చెప్పించారు. యాదగిరి శ్రద్ధగా విని, "సరే, గట్లనే అంట" అని, మర్నాటి నుంచి "సేటుగారూ" అనడం మొదలుపెట్టాడు. ఆయన ఇక ఆ ప్రయత్నం మానుకున్నారు.

నా హిందీని మొదటి వారంలోనే అతను చూశాడు. గోనె సంచుల కోసం ఒక దుకాణానికి వెళ్లాం. నేను చేతులు జోడించి, "కృపయా యహ్ బతాయియే" అని పుస్తకాల హిందీలో మొదలుపెట్టాను. దుకాణదారు నేనేదో చందా కోసం వచ్చాననుకుని, వెళ్లి మళ్లీ రమ్మని సైగ చేశాడు. యాదగిరి కారుకు ఆనుకుని కళ్లు తుడుచుకునేదాకా నవ్వాడు.

"పంతులూ, నువ్వు నోరు తెరిస్తే రేడియోల వార్తలొస్తున్నయనుకున్న. జర మనుషుల లెక్క మాట్లాడు."

అప్పటినుంచీ నేను పంతులునే. నాకంటే ఏడెనిమిదేళ్లు పెద్దవాడు కాబట్టి నేను యాదగిరన్నా అనేవాణ్ణి. బజారులో కారు ఆగినప్పుడల్లా పాఠం చెప్పేవాడు. అవునంటే హౌ, వద్దంటే నక్కో, ఈ రెండూ వస్తే సగం బస్తీ దాటొచ్చని చెప్పేవాడు. ఎవరిని భాయ్ అనాలో, ఎవరిని చాచా అనాలో, ఎవరిని ఏమీ అనకుండా ముందు సలాం చేయాలో అతనే నేర్పాడు. ఎక్కడ చాయ్ తాగమంటే కాదనకూడదో కూడా చెప్పాడు. పరీక్షల హిందీతో నాకు వచ్చిన ఉద్యోగం ఊడకుండా నిలిచింది యాదగిరి మాటలతో. ఈ సంగతి వెంకటరత్నం గారికి తెలియదు. నేను తెలియనివ్వలేదు.

కారు నేర్పింది కూడా అతనే. ఆదివారాలు వెంకటరత్నం గారిని ఒప్పించి మీరాలం చెరువు వైపు తీసుకెళ్లేవాడు. అక్కడొక ఎత్తు ఉంది. దాని మధ్యకు వచ్చేసరికి బండి నాచేతిలో ఆగిపోయి వెనక్కి జారేది. ఒకరోజు పదేపదే అలాగే అయింది. ఇక వచ్చే వారం చూద్దామన్నాను. అతను తల అడ్డంగా ఊపి, పక్క సీటులో చేతులు కట్టుకుని కూచున్నాడు. బర్రెల వేళ దాటిపోతోంది. అతని భార్య లక్ష్మమ్మ ఎంత లొల్లి పెడుతుందో ఇద్దరికీ తెలుసు. "ఫికర్ చెయ్యకు. ఎక్కినంకనే ఇంటికి," అన్నాడు. ఎక్కించాక శభాష్ అనలేదు. నిద్ర లేచినవాడిలా ఒళ్లు విరుచుకుని, ఇక పోదామన్నాడు. చేతికొచ్చిన పనిని మధ్యలో దించకూడదని నాకు ఎవరూ అంత తక్కువ మాటలతో చెప్పలేదు.

అతనిలో లోపాలు లేవని కాదు. దారి తప్పితే ఒప్పుకునేవాడు కాదు. బండిని రివర్సు చేయడమంటే నామోషీ. సందు చివర దారి మూసి ఉంటే తప్ప వెనక్కి తీసేవాడు కాదు. ఒక దుకాణం దాటిపోయామని చెబితే బజారంతా చుట్టి మళ్లీ అదే దుకాణానికి తెచ్చేవాడు. వెంకటరత్నం గారు వెనక సీటులో విసుక్కునేవారు. అతను అద్దంలో మీసం చూసుకునేవాడు.

ఇక ఆ తాళంచెవి. కారుకు ఉన్నది ఒక్కటే. తల భాగం తెల్లటి ప్లాస్టిక్కు, చింతగింజ కన్నా కాస్త పెద్దది. బొటనవేలితో నొక్కితే లోపలున్న చిన్న బల్బు వెలిగి తాళం రంధ్రం మీద గుండ్రంగా వెలుగు పడేది. దేవిడీవాళ్ల పెద్దాయన విదేశం నుంచి తెప్పించుకున్నదట. మిర్చి కొనడానికి ఎవరొచ్చినా వెంకటరత్నం గారు దాన్ని అరచేతిలో దాచి నొక్కి చూపించేవారు. ఇంజను కన్నా, సీట్ల తోలు కన్నా ఆయనకు ఆ వెలుగంటే గర్వం. యాదగిరికీ అంతే. నేను నొక్కబోతే లాక్కునేవాడు. ఊరికే నొక్కితే సెల్ అయిపోతుందని, దాన్ని చెవిటి మిషన్లు అమ్మే దుకాణంలో తప్ప దొరకబుచ్చుకోలేమని కసిరేవాడు.

ఒక ఏడాది పంట కొనుగోళ్లకు గోదాము మూసి వెంకటరత్నం గారూ నేనూ బుధవారంనాడు రైల్లో గుంటూరు వెళ్లాం. మేం వచ్చేదాకా బండి గేటు దాటకూడదని, బ్యాటరీ దిగిపోకుండా ముంగిట్లోనే ఇంజను ఆడించమని యాదగిరికి చెప్పి వెళ్లారు. మర్నాడు, అంటే గురువారం, అతను తలుపు తీయబోయాడు. మిర్చి దుమ్ము పట్టి తాళం బిగుసుకుపోయింది. గట్టిగా తిప్పాడు. తాళంచెవి మెడ దగ్గర విరిగి ముక్క తలుపులోనే ఉండిపోయింది. సన్న తీగ వంచి, పట్టకారుతో లాగి ఆ ముక్కను తీశాడు. రెండూ రుమాలులో కట్టుకుని బస్సెక్కి ఫలక్‌నుమా వెళ్లాడు. అక్కడ స్టేషను దగ్గర మహ్మూద్ భాయ్ అని, తాళాలూ స్టవ్వులూ బాగుచేసే వర్క్‌షాపు ఆయన ఉండేవాడు.

ఆ వర్క్‌షాపులో ఏం జరిగిందో తర్వాతి కాలంలో మహ్మూద్ భాయ్ చెప్పగా విన్నాను. విరిగిన ముక్కల్ని చూసి కొత్త చెవి ఒకటి ఆకురాయితో అరగదీసి ఇస్తానని, ఈ ప్లాస్టిక్కు తల అవతల పారేయమని ఆయన అన్నాడు. యాదగిరి ఒప్పుకోలేదు. లైటు వెలగకపోతే అది తమ సేటు చావీయే కాదని మొండికేశాడు. పాత మెడకే కొత్త ముక్క అతికించాలన్నాడు. అతకాలంటే కాల్చాలి. కాలిస్తే ప్లాస్టిక్కు కరిగిపోతుంది. కాబట్టి ముందు తలను రెండుగా విప్పాలి. విప్పుతుంటే లోపలి తీగ తెగి బల్బు పగిలింది. మహ్మూద్ భాయ్ తల పట్టుకున్నాడు. యాదగిరి మాత్రం ఆ రెండు డొప్పల్నీ జేబులో వేసుకుని, నువ్వు ఇనుము పని చూడు, లైటు సంగతి నేను చూస్తానన్నాడట. అతనికి ఆ పని రాదు. అంతకు ముందు ఎప్పుడూ టంకం పెట్టి ఎరుగడు. అయినా ఒప్పుకున్నాడు.

మేం మళ్లీ బుధవారానికి తిరిగొచ్చాం. కారు ముందు మడ్‌గార్డు మీద జానెడు సొట్ట, గీతలు. ముంగిట్లో రోజూ ఇత్తడి బిందెల తోపుడుబండ్లు తిరుగుతుంటాయి. వాటిలో ఏదో తగిలి ఉంటుందని ఇవాళ నాకు అనిపిస్తుంది. ఆ రోజు అలా అనిపించలేదు. పక్క దుకాణం ఆయన, ఇలాంటి కారే ఒకటి మొన్నీమధ్య పెళ్లి ఊరేగింపులో చూశానని, డ్రైవర్లకు ఇవి మామూలేనని అన్నాడు. వెంకటరత్నం గారి ముఖం మాడిపోయింది. యాదగిరిని పిలిచి అడిగారు. అతను తడుముకోకుండా చెప్పాడు. చావీ గురువారం విరిగింది, ఆ రోజే ఫలక్‌నుమాలో ఇచ్చాను, ఇంకా అక్కడే ఉంది, చావీ లేని బండి ఎట్లా కదులుతుందని.

న్యాయమైన జవాబు. దాన్ని నిర్ధారించుకోవడం కూడా తేలిక. వెంకటరత్నం గారు మర్నాడు నన్ను ఫలక్‌నుమా పంపారు. యాదగిరిని కూడా పంపితే ఇద్దరూ మాట్లాడుకుంటారని ఒక్కణ్ణే పంపారు.

మహ్మూద్ భాయ్ బల్లకున్న ఇనుప పట్టులో ఏదో బిగించి ఆకురాయి పెడుతున్నాడు. యాదగిరి ఈ తాళంచెవి ఎప్పుడు ఇచ్చాడని నేను అడిగాను. ఆయన తలెత్తలేదు.

"పర్సోం లాకే దియా."

అంతే. పర్సోం తెచ్చి ఇచ్చాడు. పర్సోం అంటే మొన్న. పుస్తకంలో అలాగే ఉంది, పరీక్షలో అలాగే రాశాను, మార్కులూ వచ్చాయి. ఆ రోజు గురువారం. మొన్నంటే మంగళవారం. అంటే పోయిన గురువారం నుంచి మంగళవారం దాకా చావీ యాదగిరి దగ్గరే ఉంది. నేను ఇంకొక ప్రశ్న అడగలేదు. వారం పేరు అడగలేదు. ఒక్క మాటతో పని ముగించుకొచ్చానని బస్సులో కిటికీ పక్కన కూచుని సంతోషపడ్డాను. ఇది నిజం, దాచను.

ముంగిట్లో హమాలీలందరూ ఉండగానే వెంకటరత్నం గారు అడిగారు. మొన్న ఇచ్చాడటండీ అన్నాను. ఉర్దూ మాట చెప్పలేదు. దాని అర్థం మాత్రమే చెప్పాను, నా ఉద్యోగమే అది కనుక. ఆ మాట ఉన్నదున్నట్టు యాదగిరి చెవిన పడి ఉంటే అక్కడికక్కడే తేలిపోయేది. పడలేదు.

యాదగిరి వెంకటరత్నం గారి వైపు చూడలేదు. నా వైపు చూశాడు.

"మంచిగ అడిగినవా పంతులూ?"

"అడిగాను."

"మల్లొకసారి పోయి అడుగు. లేకుంటే మహ్మూద్‌ను ఈడికే తోలుకొస్త."

వెంకటరత్నం గారు వద్దన్నారు. అతను నీ దోస్తు, ఇప్పుడు నువ్వేం చెప్పమంటే అది చెబుతాడు, ముందు అనుకోకుండా అన్నదే నిజం అన్నారు. తప్పు చేస్తే క్షమించేవాణ్ణి, అబద్ధం చెప్పినవాడి చేతిలో బండి పెట్టి వెనక సీటులో ఎలా కూచోనూ అన్నారు. ఆయన చెడ్డవాడు కాదు. నా మాటను నమ్మారు. యాదగిరి తల మీద టోపీ సవరించుకుని గేటు దాటి వెళ్లిపోయాడు. నేను తప్పు చేశానని ఆ క్షణంలో నాకు తెలియదు. అక్కడిదాకా నాది పొరపాటే.

తర్వాతిది పొరపాటు కాదు.

కొన్ని వారాలకు అఫ్జల్‌గంజ్ దగ్గర ఇరానీ హోటల్లో చాయ్ తాగుతున్నాను. మా గోదాములో బస్తాలు మోసే ముసలి హమాలీ ఒకాయన ఎదురుగా కూచున్నాడు. మనవణ్ణి ఒళ్లో పెట్టుకుని సాసర్లో పోసి తాగిస్తున్నాడు. ఎవరో ఆయన్ని వయసెంతని వేళాకోళం చేశారు. "క్యా ఉమర్ మియాఁ, పర్సోంచ్ తో షాదీ హువీ మేరీ," అన్నాడు. పర్సోంనే కదా నా పెళ్లయిందని. అందరూ నవ్వారు. కానీ వాళ్లు నవ్వింది ముసలాయన పెళ్లి గురించి చెప్పినందుకు. ఆ మాటలో వాళ్లకు వింతేమీ లేదు. కప్పు కింద పెట్టాను. పక్కనున్న సర్వరును అడిగాను, పర్సోం అంటే మీరు ఏమంటారని. అతను నన్ను వింతగా చూసి, పర్సోం అంటే పర్సోం, మొన్న గానీ, అంతకు ముందు ఎప్పుడైనా గానీ అన్నాడు. ఈ నగరంలో పర్సోం అంటే మొన్న కావచ్చు, పోయిన వారం కావచ్చు, పోయిన ఏడాది కావచ్చు, మనవడు పుట్టకముందు జరిగిన పెళ్లి కావచ్చు. హౌ, నక్కో నేర్పిన యాదగిరి ఇది నేర్పలేదు. నేర్పవలసిన మాట అని అతనికి తట్టి ఉండదు.

ఆ హోటల్లోంచే ఫలక్‌నుమా బస్సెక్కాను. ఈసారి సరిగ్గా అడిగాను. ఏ రోజు ఇచ్చాడు, వారం పేరు చెప్పు అని. మహ్మూద్ భాయ్ ఆకురాయి పక్కన పెట్టాడు.

"జుమేరాత్ కూ లాయా. పర్సోం బోలా నా తుమ్‌కు?"

గురువారం తెచ్చాడు, నీకు పర్సోం అని చెప్పాను కదా అని. ఏమైందని ఆయన అడిగితే ఏమీ లేదన్నాను. యాదగిరి జరిగిందేమీ ఆయనకు చెప్పలేదట. దోస్తు మీద నింద వేయడానికి అతనికి మనసొప్పి ఉండదు. తన మాట వల్లే తన దోస్తు కొలువు పోయిందని మహ్మూద్ భాయ్‌కి తెలియదు. తిరిగొచ్చేటప్పుడు బస్సులో నిలబడే ఉన్నాను. గోదాములోకి అడుగు పెట్టగానే చెప్పేస్తానని గట్టిగా అనుకున్నాను. మెట్లెక్కి వెళ్లేసరికి బొంబాయి వ్యాపారి ఒకరు కూచుని ఉన్నారు. వెంకటరత్నం గారు నా భుజం మీద చెయ్యి వేసి, వీడు లేకపోతే ఈ ఊళ్లో నేను మూగవాణ్ణండీ అని నాచేతనే ఆయనకు హిందీలో చెప్పించారు. చెప్పాను. ఒక చిన్న మాట అర్థం తెలియనివాణ్ణి ఆయన ఎందుకు ఉంచుకుంటారు? సాయంత్రం చెబుదామనుకున్నాను. మర్నాడు చెబుదామనుకున్నాను. ఆ తర్వాత అనుకోవడం మానేశాను.

అప్పటికి తాళంచెవి మహ్మూద్ భాయ్ దగ్గరి నుంచి వచ్చింది. ఇనుప ముక్క చక్కగా అతికి ఉంది, తలుపు తెరుస్తుంది, ఇంజను తిప్పుతుంది. తల మాత్రం లేదు. బోసిగా ఉన్న దాని మెడకు గుడ్డపీలిక చుట్టి వాడుతున్నాం. ఒకరోజు పొద్దున యాదగిరి గేటు దగ్గర కనిపించాడు. చేతిలో చిన్న డబ్బా.

"చావీ ఇయ్యి పంతులూ. లైటు పని మిగిలింది."

కొలువులోంచి తీసేశాక ఇంకా ఈ పనెందుకని నేను అనబోయాను. అతని ముఖం చూసి ఇచ్చాను. మెట్టు మీద కూచుని రుమాలు పరిచాడు. గేటు అవతలి చాయ్ బండి కుంపట్లో టంకం కడ్డీ కాల్చాడు. డొప్పల్లోంచి సన్న తీగ తీసి గోరుతో గీకాడు. ఒక టంకం ఊడిపోయింది. మళ్లీ పెట్టాడు, మళ్లీ ఊడింది. వేలు కాలితే నోట్లో పెట్టుకుని, తిట్టుకుని, మళ్లీ మొదలుపెట్టాడు. బల్బు ఎక్కడ దొరికిందని అడిగితే, డాక్టర్లు చెవిలోకి చూసే లైటులోదని, దానికోసం కోఠీ అంతా తిరిగానని చెప్పాడు. ఎండ మెట్టు మీదికి వచ్చేదాకా అలాగే కూచున్నాడు. చివరికి డొప్పలు మూసి, రెండు చీలలు బిగించి, అరచేతి నీడలో నొక్కాడు. వెలిగింది. పాతదాని కన్నా కాస్త పసుపుగా.

"సూడు," అన్నాడు.

చూశాను. నాకు అంతా తెలుసు ఆ సమయానికి. మెట్లపైన వెంకటరత్నం గారు ఉన్నారు, పిలిస్తే వినిపించేంత దూరంలో. పిలవలేదు. చాయ్ తాగుతావా అని అడిగాను.

"నా మొకం దిక్కు చూస్తలేవు, ఏంది?"

ఎండ కంట్లో పడుతోందన్నాను. అతను ఒక్క క్షణం నన్ను చూసి, సామాను డబ్బాలో సర్దుకుని వెళ్లిపోయాడు. వెంకటరత్నం గారు తాళంచెవిని నొక్కి చూసుకుని చిన్నపిల్లాడిలా మురిశారు. పనిమంతుడోయ్, ఆ అబద్ధమొక్కటి ఆడకుండా ఉంటే బాగుండేది అన్నారు. దానికీ నేను తలూపాను.

తర్వాత ఏళ్లు గడిచాయి. వెంకటరత్నం గారు వ్యాపారం కట్టిపెట్టి ఊరు వెళ్లిపోయారు, కారు అమ్మేశారు. నేను ఒక లారీ సర్వీసు ఆఫీసులో చేరి మేనేజరునయ్యాను. డ్రైవర్లతో, మెకానిక్కులతో బతుకు. నీ మాట వింటే ఆంధ్రావాడివని ఎవరూ అనుకోరని ఇక్కడివాళ్లు మెచ్చుకుంటారు. ఆ మాట తీరు ఎవరిదో నాకు తెలుసు. యాదగిరికి మళ్లీ ఎవరూ బండి ఇవ్వలేదని, బర్రెలే చూసుకుంటున్నాడని ఎవరో అనగా విన్నాను. విని ఊరుకున్నాను. అందులోనూ నాకు అలవాటు కుదిరింది.

పోయిన ఏడాది మా డ్రైవరు కుర్రాడొకడు ఆలస్యంగా వచ్చాడు. బండి స్టార్టు కాలేదని ఏదో చెబుతున్నాడు. బేగంబజార్ అడ్డా మీద కూచున్న డ్రైవర్లలో ఒకడు వెంటనే, "చావీ ఫలక్‌నుమాల ఉందా?" అన్నాడు. అందరూ గొల్లుమన్నారు. ఆ మాట ఎక్కడిదని అడిగాను. ఏమో సార్, పాతకాలం మాట, అబద్ధం చెప్పేటోన్ని గట్లంటరు, ఎవడో డ్రైవరు గిట్ల చెప్పి దొరికిండంట అన్నాడు. ఆ డ్రైవరు పేరు వాడికి తెలియదు. పేరు పోయి వేళాకోళం మిగిలింది. యాదగిరి చెప్పిన నిజం, అక్షరం పొల్లుపోకుండా, ఆ బజారులో అబద్ధానికి పేరై కూచుంది. ఇది ఇంకెవరూ సరిచేయలేరు. మహ్మూద్ భాయ్ పోయి చాలా రోజులైంది.

మొదట వెంకటరత్నం గారి ఊరెళ్లి ఆయనకు చెప్పాను. మంచంలో ఉన్నారు. అంతా విని, ఇప్పుడెందుకోయ్ అవన్నీ అన్నారు. తర్వాత, పాపం అన్నారు. ఆ పాపం ఎవరి గురించి అన్నారో నేను అడగలేదు. తర్వాతి ఆదివారం కిషన్‌బాగ్ వెళ్లాను.

యాదగిరి కొట్టంలో బర్రెలకు కుట్టి, అంటే తరిగిన చొప్ప, వేస్తున్నాడు. మీసం తెల్లబడింది. నన్ను చూసి, "ఏంది పంతులూ, తొవ్వ తప్పినవా?" అన్నాడు, నిన్నగాక మొన్న విడిపోయినవాడిలాగే. కూచోమంటే కూచోలేదు. నిలబడే మొత్తం చెప్పాను. మహ్మూద్ ఏమన్నాడో, నేను ఏమని చెప్పానో. అతను గంప దించాడు.

"పర్సోం అన్నడా?"

"పర్సోం అన్నాడు."

అతను నవ్వలేదు. లక్ష్మమ్మ గుమ్మంలోకి వచ్చి నిలబడింది. అతను అడిగాడు.

"గది తప్పని నీకు ఎప్పుడు ఎరుకైంది?"

ఈ ప్రశ్న వస్తుందని తెలుసు. దీనికి ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవచ్చని బస్సులో ఆశపడ్డాను కూడా. నువ్వు లైటు బిగించడానికి వచ్చిన రోజుకే తెలుసునన్నాను. లక్ష్మమ్మ నన్ను ఒక్క తిట్టు తిట్టింది. ఇక్కడ రాయను. నాకు తగినదే. యాదగిరి ఆమెను లోపలికి పొమ్మన్నాడు. గంప మళ్లీ ఎత్తి, మిగిలిన కుట్టి చివరి బర్రె దాకా వేశాడు. నేను అక్కడే నిలబడ్డాను.

"నాకెందుకు చెప్తున్నవ్? బండి తియ్యలేదని నాకు ఎరుక లేదా? ఆడ నవ్వెటోల్లకు చెప్పు."

"చెప్తాను. నువ్వు కూడా రా అన్నా."

"వస్త. గొంతు పెంచి చెప్పాలె. లారీల మోతల ఇనబడది."

మర్నాడు పొద్దున అతను తెల్ల చొక్కా వేసుకుని బేగంబజార్ అడ్డాకు వచ్చాడు. డ్రైవర్లు చాయ్ తాగుతున్నారు. మేనేజరు ఏదో తిట్టడానికి వచ్చాడనుకుని లేచి నిలబడ్డారు. కూచోమన్నాను. ఫలక్‌నుమా చావీ అని మీరు నవ్వుతారే, ఆ మాట పుట్టించింది నేనని చెప్పాను. ఎవరో చిన్నగా నవ్వబోయి ఆగిపోయారు. యాదగిరి నా పక్కన, చేతులు కట్టుకుని, వాళ్లనే చూస్తూ నిలబడ్డాడు. ఒక లారీ పోయేదాకా ఆగాను. తర్వాత అతని వైపు తిరిగి, వాళ్లందరికీ వినబడేలా అన్నాను.

"అన్నా, చావీ నిజంగనే ఫలక్‌నుమాల ఉండె. నువ్వు అబద్ధం చెప్పలేదు. నేనే తప్పు చెప్పిన. తప్పని తెలిసినంక గూడ, నా కొలువు పోతదని నోరు మూసుకున్న. నీ కొలువు పోయింది, నీ పేరు పోయింది. నన్ను మాఫ్ చెయ్యి."